ఎర్ర పెన్సిలూ, 72వ గడీ

మొన్న ఆదివారం మా మనవడు సోఫాలో కాళ్లు బార్లా చాపుకుని, ఒక చేత్తో పెసరట్టు తుంచుకుంటూ, రెండో చేతి బొటనవేలితో ఫోను మీద టక్కున ఏదో నొక్కాడు. "ఏంట్రా అది?" అన్నాను. "రివ్యూ తాతయ్యా. మా టీమ్‌లో ఒకతను కోడ్ రాశాడు, అప్రూవ్ చేశా" అన్నాడు. ఎన్ని లైన్లురా అంటే "పద్దెనిమిది వందలో ఎంతో" అన్నాడు. పెసరట్టు సగం కూడా అవలేదు. గడియారం చూశాను గనక చెబుతున్నా, నలభై సెకన్లు. అందులో ఇరవై అల్లప్పచ్చడికే పోయాయి.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. ఆ ఎవడో ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే టిఫిన్ తింటున్నాడని నాకావేళ తెలిసింది.

"అసలేం చదివావురా?" అంటే "టెస్టులన్నీ పాసయ్యాయిగా, పచ్చ టిక్కు వచ్చింది" అన్నాడు. పచ్చ టిక్కట! మా రోజుల్లో టిక్కు పెట్టాలంటే ముందు పెన్సిలు చెక్కుకోవాలి. చెక్కేటప్పుడే సగం తప్పులు గుర్తొచ్చేవి.

అబ్బాయ్, ఇది చదువుతున్న నువ్వూ ఆ బాపతే అయ్యుంటావు. కోపం తెచ్చుకోకు. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి కూచో.

మా అమ్మ రోజూ పొద్దున్నే చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద కూచునేది. ఒక చెరుగు చెరిగి, చూపుడువేలితో గింజల్ని పక్కకి నెట్టుకుంటూ రాళ్లేరేది. పక్కింటి పిన్నిగారొచ్చి ఎదురుగా కూచుంటే ఆవిడ వేలు కూడా అదే చేటలోకి వెళ్లేది. అమ్మ కంటికి ఆనని రాయి పిన్నిగారి కంటికి ఆనేది. రివ్యూ అంటే అదేరా నాయనా, అంతకంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రోగ్రాముని నడిపి చూడ్డం అంటే వండి వడ్డించుకు తినడం. పంటికింద రాయి తగిలితే అది టెస్టింగు. పన్ను విరిగితే దానికి మీరు ప్రొడక్షన్ ఇష్యూ అని ముద్దుపేరు పెట్టుకుని అర్ధరాత్రి ఫోన్లు చేసుకుంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. టెస్టులో అన్నం బాగాలేదని తెలుస్తుంది గానీ రాయెక్కడుందో మళ్లీ కెలుక్కుని చూసుకోవాలి. చదివితే నేరుగా రాయే దొరుకుతుంది.

ఇప్పుడు చేట ఎవరింట్లో ఉంది? అందరూ సార్టెక్స్ బియ్యమే. "ఏరడానికి ఏముంటుంది మామయ్యగారూ" అంటుంది మా కోడలు. నిజమే, ఏమీ ఉండదు. అయినా నేను కంచంలో అన్నం కాస్త విడదీసుకునే తింటాను. ఏమో, మెషిను ఏరిన బియ్యం!

నేను ఉద్యోగంలో చేరింది 1977లో. ఆఫీసు పేరు చెప్పను, అందులో పెన్షను తీసుకుంటున్నవాళ్లం ఇంకా కొందరం ఉన్నాం. అప్పుడు ప్రోగ్రాము రాయడమంటే కోడింగ్ షీటు మీద గళ్లలో ఒక్కో అక్షరం రాయడం. సున్నాకి అడ్డగీత కొట్టాలి, లేకపోతే పంచింగు అమ్మాయి దాన్ని ఓ అనుకునేది. ఆమె దాన్ని కార్డుల మీద పంచ్ చేసిపెట్టేది, కార్డుకి 80 గళ్లు, కార్డుకి ఒక లైను. ఆ కట్ట పక్కన స్కెచ్ పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసుకునేవాళ్లం. కట్ట చేజారి కిందపడితే ఆ గీత చూసుకుని మళ్లీ వరస పెట్టుకోవాలి. నాది రెండుసార్లు పడింది. ఒకసారి మెట్ల మీద. ఆవేళ మెట్ల మీదే భోజనం చేశాను.

కట్ట కౌంటరులో ఇచ్చి వస్తే మర్నాడు వచ్చేది ప్రింటౌటు. ఒక కామా మర్చిపోయావా, ఒక రోజు పోయింది. రెండు కామాలు మర్చిపోయి మొదటిదే దిద్దావా, రెండు రోజులు. అందుకని కట్ట ఇచ్చే ముందు పక్క కుర్చీవాడికి చూపించేవాళ్లం. అతను నాది చదివేవాడు, నేను అతనిది చదివేవాణ్ణి. మాకేదో పెద్ద క్రమశిక్షణ ఉందని నువ్వనుకోవాలనే ఇదంతా చెబుతున్నా గానీ, నిజం ఒప్పుకోవాలంటే మెషిను దొరక్క చదివాం. దొరికుంటే మేమూ నీలాగే టక్కుటక్కున నొక్కేవాళ్లమేమో. ఈ మాట మా మనవడితో అనకు.

మా సెక్షన్లో ఒక మేడమ్ ఉండేవారు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నల్లఫ్రేము కళ్లజోడు, పక్కన ఎప్పుడూ ఒక ఫ్లాస్కు. ఎవరి లిస్టింగు, అంటే ప్రోగ్రాము అచ్చు తీసిన కాగితాలు, చేతికిచ్చినా ఆవిడ ముందు చదివేవారు కాదు. ఒక అడుగు స్కేలు తీసుకుని, 72వ గడి తర్వాత పైనుంచి కిందిదాకా ఎర్ర పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీసేవారు. ప్రతి పేజీకీ. నలభై పేజీలుంటే నలభై గీతలు. నాకు చిరాకెత్తేది, చాదస్తం అనుకునేవాణ్ణి.

కోబాల్ సంగతి నీకు తెలీదు కదూ. అప్పట్లో ఆ భాషలో 8వ గడి నుంచి 72 దాకా రాసినదాన్నే మెషిను ప్రోగ్రాముగా చదివేది. 73 నుంచి 80 దాకా కార్డు గుర్తులు వేసుకోవడానికి వదిలేసిన చోటు. అక్కడేం రాసినా కాగితం మీద అచ్చవుతుంది గానీ కంపైలర్‌కి అది గాలితో సమానం. ఇంకోటి, అందులో ఫుల్‌స్టాప్ అంటే అలంకారం కాదు. "ఇలా అయితే అలా చెయ్యి" అన్న షరతు ఎక్కడితో ఆగిందో అప్పట్లో చెప్పేది ఆ చుక్కే.

నేను కరెంటు బిల్లుల ప్రోగ్రాము ఒకటి రాశాను. యూనిట్లు 200 దాటితే పై రేటు గుర్తు పెట్టు, ఫుల్‌స్టాప్. తర్వాత అందరి బిల్లుకీ మీటరు అద్దె కలుపు, ఫుల్‌స్టాప్. అంతే. కానీ షరతులో షరతు, దాంట్లో ఇంకో షరతు పెట్టి, అందంగా ఉంటుందని ప్రతిదాన్నీ లోపలికి జరిపి జరిపి రాయడంతో ఆ మొదటి చుక్క వెళ్లి 73వ గడిలో కూచుంది. కాగితం మీద చుక్క కనిపిస్తూనే ఉంది. మెషినుకి లేదు. దాంతో మీటరు అద్దె కలపడం కూడా షరతు కిందకే వెళ్లిపోయింది. 200 యూనిట్లు దాటినవాళ్లకే అద్దె, మిగతావాళ్లకి మాఫీ!

కంపైలర్ తప్పని అనలేదు. వ్యాకరణం సరిగ్గానే ఉంది మరి. నేను పరీక్షకి వేసుకున్న లెక్కలన్నీ పెద్ద పెద్ద బిల్లులే, అవి పైసాతో సహా సరిపోయాయి. అలాగే ఊళ్లోకి వదిలేసుంటే ఎవరికి తెలిసేది చెప్పు? బిల్లు పెరిగితే ఆఫీసు ముందు ధర్నా చేస్తారు గానీ, తగ్గిందని ఫిర్యాదు చేసిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూళ్లేదు.

మేడమ్ ఫ్లాస్కులో కాఫీ మూతలోకి ఒంపుకుని, వేలు పెట్టి, "ఈ చుక్క గీత అవతలుందండీ" అన్నారు. అంతే. నేను పావుగంట వాదించాను. చుక్క కనపడుతోందిగా అన్నాను. ప్రింటరు వంకర అన్నాను. పంచింగు అమ్మాయి తప్పన్నాను. ఆవిడ ఒక్క మాట తిరిగి అనలేదు, కాఫీ తాగి మూత కడుక్కోవడానికి వెళ్లిపోయారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, రాసినవాడికి అక్కడ ఉన్నది కనపడదు, తను రాశాననుకున్నది కనపడుతుంది. అందుకే రెండో జత కళ్లు కావాలి. ఇది నేను గొప్పగా కనిపెట్టింది కాదు, ఆవేళ ఎర్రబడ్డ చెవుల సాక్షిగా తెలుసుకున్నది.

తర్వాత కొన్నాళ్లకి తెలిసింది, ఈ పనినే అమెరికాలో ఐబీఎంలో మైకేల్ ఫేగన్ అనే ఇంజనీరు ఒక శాస్త్రంలాగా చేసి 1976లోనే వాళ్ల పత్రికలో రాశాడని. ఎవరో జిరాక్సు తెచ్చారు. జిరాక్సుకి జిరాక్సు, అక్షరాలు చీమలు పాకినట్టుండేవి. ముందు అందరికీ పరిచయం, తర్వాత ఎవరికివారు చదువుకు రావడం, తర్వాత నలుగురూ కూచోవడం, తర్వాత దిద్దడం, దిద్దారో లేదో మళ్లీ చూడ్డం. అచ్చం అష్టావధానమే అనుకో. నడిపించే సంచాలకుడు ఒకడు. ఒకడు కోడ్‌ని లైను వెంట లైను తన మాటల్లో చెప్పాలి. మిగతావాళ్లు పృచ్ఛకులు. మా దగ్గర అప్రస్తుత ప్రసంగానికి కూడా ఒకాయన ఉండేవాడు, ఎవరూ నియమించకుండానే. బఫర్ దగ్గరికి రాగానే ఆయన కూతురి పెళ్లి సంబంధాల్లోకి వెళ్లిపోయేవాడు.

ఫేగన్ పెట్టిన నియమాలు చూడు. రెండు గంటలకి మించి కూచోకూడదు, బుర్ర పనిచెయ్యదు. గంటకి వంద చిల్లర లైన్లే. తప్పు పట్టుకోవాలి, రాసుకోవాలి. ఎలా దిద్దాలో అక్కడ చర్చించకూడదు. దొరికిన తప్పుల లెక్క పెట్టి రాసినవాడి ప్రమోషను ఆపకూడదు. ఆ లెక్కన మా మనవడు చదివిన, అదే, చదవని ఆ పద్దెనిమిది వందల లైన్లకి రెండు మూడు రోజులు పడుతుంది. వాడికీ మాట చెబితే నన్ను మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూశాడు.

మా దగ్గర ఆ ప్రమోషను నియమం ఒక్కటే కుదర్లేదు. ఒకసారి పెద్దాఫీసరుగారు "నేనూ కూచుంటానయ్యా, ఉత్సాహంగా ఉంటుంది" అని వచ్చి కూచున్నారు. ఆ పూట ప్రపంచంలో తప్పన్నదే లేదు. అందరూ "బాగుందండీ, చాలా బాగుందండీ" అన్నారు. సమోసాలు మాత్రం ఆ రోజే బాగున్నాయి.

ఇదంతా ముసలాడి సోదంటావా? అమెరికాలో బాసిలీ, సెల్బీ అని ఇద్దరు ప్రొఫెసర్లు పందెం కట్టినట్టు ప్రయోగం చేశారు. 1987లో అచ్చయింది. 32 మంది పనిచేసే ప్రోగ్రామర్లు, 42 మంది విద్యార్థులు. కొన్ని ప్రోగ్రాముల్లో తప్పులుంచి, ఒకసారి చదివి పట్టుకోమన్నారు, ఒకసారి నడిపి పట్టుకోమన్నారు. పని తెలిసినవాళ్లలో చదివినప్పుడే ఎక్కువ దొరికాయి, తొందరగా కూడా దొరికాయి. విద్యార్థుల్లో మాత్రం అంత తేడా తేలలేదు. చదవడం రావాలిగా మరి, అంటాను నేను. ఐబీఎంలోనే హార్లాన్ మిల్స్ అనే ఆయన ఇంకా గట్టి మనిషి. రాసినవాళ్లని కంపైల్ కూడా చెయ్యనివ్వకుండా, చదివి తర్కంతో ఒప్పించుకుని, ఆ తర్వాతే వేరేవాళ్ల చేతికి పరీక్షకి ఇమ్మన్నాడు. దానికి క్లీన్‌రూమ్ అని పేరు. మా మేడమ్ ఆ గదిలో మహారాణిలా ఉండేవారు.

అయితే 1993లో బెల్ ల్యాబ్స్‌లో వోటా అనే ఆయన లెక్కలు తీసి, తప్పులు దొరికేది ఎవరికివారు చదువుకున్నప్పుడేననీ, అందరూ కలిసి కూచున్నప్పుడు కొత్తగా దొరికేది చాలా కొంచెమేననీ తేల్చాడు. అంటే నా యవ్వనంలో సగం సమోసాలకి పోయినట్టే. ఆ పేపరు నేను ఒక్కసారే చదివాను, రెండోసారి తియ్యలేదు.

ఇప్పటి సంగతులకొస్తా. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ వాళ్ల ఫోన్లలో, కంప్యూటర్లలో భద్రత చూసే కోడ్‌లో ఒక పొరపాటు బయటపడింది. ఏంటో తెలుసా? "గోటూ ఫెయిల్" అన్న లైను కిందా మీదా రెండుసార్లు పడింది. మొదటిది షరతు మీద వెళ్తుంది. రెండోది ఏ షరతూ లేకుండా వెళ్లిపోతుంది, దాని వెనకున్న అసలు తనిఖీ ఎప్పటికీ జరగదు. బంగారంలాంటి తాళంకప్ప వేసి, తాళం పడిందో లేదో లాగి చూడకుండా ఊరెళ్లడమన్నమాట. ఇది కనిపెట్టడానికి మహాపండితుడు అక్కర్లేదు. పైకి చదివితే చాలు. "గోటూ ఫెయిల్, గోటూ ఫెయిల్" అని నోరు తొట్రుపడేది, వినేవాడు "ఏంటి, మళ్లీ చదువు" అనేవాడు. మీరు కళ్లతో జారిపోతారు. నోరు జారదు. మా మేష్టారు ఎక్కాలు పైకి చదవమన్నది ఊరికే కాదు.

అదే ఏడాది ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ అని ఇంకో పొరపాటు, వెబ్‌సైట్ల భద్రత చూసే కోడ్‌లో. ఎవడో వచ్చి, "నీ దగ్గర బస్తా ధాన్యం దాచాను, తిరిగివ్వు" అంటాడు. దాచింది పిడికెడే. తూచి చూడకుండా మన గాదెలోంచి తీసి బస్తా నింపి ఇచ్చేశామనుకో, మన గింజలన్నీ వాడింటికి పోయినట్టే. ఇదీ అంతే. అవతలివాడు చెప్పిన పొడవు నిజమో కాదో చూడకుండా, మెమరీలో ఉన్నదాన్ని ఒకసారికి 64 కిలోబైట్ల దాకా దోసిళ్లతో పోసింది. ఆ కోడ్ చేరింది 2011 డిసెంబరు 31 రాత్రి. ఒకరు రివ్యూ కూడా చేశారు! పాపం, ఆ రాత్రి ఎవరి బుర్ర ఎక్కడుందో. రెండేళ్లకి పైగా అలాగే కూచుంది. చివరికి గూగుల్‌లో ఒకాయన లైను లైనూ చదువుకుంటూ పోయి పట్టుకున్నాడు. చూశావా అని నేను జబ్బలు చరుచుకునేలోగా మా మనవడు అందుకున్నాడు, అదే రోజుల్లో ఫిన్లాండ్ కంపెనీ ఒకటి తమ పరీక్షల పనిముట్టుతో విడిగా పట్టుకుందట. వాడికిలాంటివన్నీ బాగా తెలుసు. నేను మజ్జిగ తాగాను.

1998లో మేం అమీర్‌పేట దాటి కొత్త కొలువుకి వెళ్లి వైటూకే పని చేశాం. హైదరాబాదులో అప్పుడు కోబాల్ నాలుగు ముక్కలొస్తే చాలు, పెళ్లి సంబంధాలు కుదిరేవి. 2000 సంవత్సరం రాగానే తికమకపడకుండా, పాత ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలే ఉన్న చోట్లు వెతకాలి. "డేట్" అన్న మాటని వెతికే పనిముట్టు ఇచ్చారు. అది అప్‌డేట్‌నీ పట్టుకొచ్చేది, క్యాండిడేట్‌నీ పట్టుకొచ్చేది. అసలు తేదీ మాత్రం ఎవడో పుణ్యాత్ముడు "ఎక్స్17" అని పేరు పెట్టిన డబ్బాలో హాయిగా పడుకునుండేది. చదివితేనే దొరికేది.

లీపు సంవత్సరం మరీ వినోదం. నాలుగుతో భాగిస్తే చాలనుకున్న అమాయకుడి ప్రోగ్రాము 2000కి సరిగ్గా పనిచేస్తుంది. వందతో భాగించబడితే లీపు కాదని తెలుసుకున్న చదువరి ప్రోగ్రాము ఫిబ్రవరి 29ని మింగేస్తుంది. నాలుగు వందలతో భాగించబడితే మళ్లీ లీపేనని వాడు చదవలేదు. మిడిమిడి జ్ఞానం గాళ్లనే మేం ఎక్కువగా దిద్దాం. ఎంతమందిని నేను తిట్టానో!

ఇప్పుడేమో కోడ్ రాసేది ఏఐ, దాన్ని రివ్యూ చేసేదీ ఏఐ, పెళ్లికొడుకూ తనే, పురోహితుడూ తనే. మీరు అక్షింతలు వెయ్యడానికి ఒక బొటనవేలు తెచ్చుకుంటే చాలు. ఇదే మాట గట్టిగా అని, మా పాత ట్రంకు పెట్టెలోంచి నాఫ్తలీన్ వాసనేసే లిస్టింగు ఒకటి తీసి మనవడి ముందు పడేశాను. 1983 నాటిది. నలుగురం కూచుని రెండు పూటలు చదివింది. పేజీ పేజీకీ 72 దగ్గర ఎర్రగీత, మేడమ్ చేతిదే. "దీంట్లో తప్పు పట్టరా చూద్దాం" అన్నాను.

వాడు ఫొటోలు తీసి ఫోనుకి ఇచ్చాడు. కాఫీ చల్లారలేదు. పేజీ నంబరుకి రెండంకెల చోటే ఇచ్చారు తాతయ్యా, నూరో పేజీ సున్నా సున్నా అని అచ్చవుతుంది అన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, పైకి చదివాను. నిజమే. రెండంకెలు. వైటూకేలో ఊరందరినీ తిట్టినవాణ్ణి, నా దాంట్లోనే రెండంకెలు.

ఆ రిపోర్టు ఎన్నడూ అరవై పేజీలు దాటలేదని వాడితో పావుగంట వాదించాను. వాడొక్క మాట తిరిగి అనలేదు, కప్పు కడగడానికి వెళ్లాడు.

అబ్బాయ్, నీ పద్దెనిమిది వందల లైన్లు అచ్చు తీసుకుని ఏ ఆదివారమైనా మా ఇంటికి రా. తొమ్మిదింటికల్లా రావాలి, పదకొండు దాటితే నాకు నిద్రొస్తుంది. స్వీట్లు తేకు, షుగరు. పెన్సిలు నా దగ్గరుంది.